విమానం రద్దు: డబ్బు వాపసు తీసుకున్నాక పరిహారం కూడా అడగవచ్చా?

ఉప్పుటేరు | విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మొన్న శనివారం మధ్యాహ్నం 2.40కి విశాఖ నుంచి హైదరాబాద్‌కు మూడు టికెట్లు: నాకు, మా ఆవిడకు, అమ్మకు. ఆ సాయంత్రమే మా చెల్లెలి నిశ్చితార్థం. ఉదయం 10.20కి ఫోనుకు సందేశం వచ్చింది. ‘నిర్వహణపరమైన కారణాల వల్ల’ విమానం రద్దు చేశారట. కింద రెండే దారులు చూపించారు: మర్నాటి విమానం, లేదా డబ్బు వాపసు. తాంబూలాలు పుచ్చుకున్న మర్నాడు వెళ్లి చేసేదేముంది? వాపసు నొక్కి, కారు మాట్లాడుకుని బయలుదేరాం. మేము సూర్యాపేట దగ్గర ఉండగా అక్కడ తాంబూలాలు మార్చుకున్నారు. అమ్మ ఫోనులో చూస్తూ కారులోనే అక్షింతలు వేసింది.

కారుకు 14,000 అయింది. సంస్థకు ఫోను చేస్తే ‘మీరు వాపసు ఎంచుకున్నారు కాబట్టి మీ విషయం ముగిసింది’ అన్నారు. నిజంగా ముగిసినట్టేనా? సంస్థ పేరు ఇక్కడ రాయను, డబ్బు తేలేవరకు గొడవ వద్దు.

వేపచెట్టు | గుంటూరు

ముగిసినట్టే అనుకోండి, మనశ్శాంతి దక్కుతుంది. నాకు ఇలాగే జరిగినప్పుడు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ప్రతి దానికీ ఒకటే జవాబు, ‘మీ సహనానికి కృతజ్ఞతలు’ అని. నా సహనం నేనెప్పుడు ఇచ్చానో నాకే తెలియదు. మన దేశంలో పరిహారం అనేది టికెట్ వెనక చిన్న అక్షరాల్లో మాత్రమే ఉంటుంది.

పాత నల్లకోటు | విజయవాడ

వేపచెట్టు గారు, చేదు మందు తర్వాత. ముందు నిబంధన చూద్దాం.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, దీనికి 2010లోనే నిబంధనలు తెచ్చింది. ఇప్పుడున్న పరిహారం మొత్తాలు 2016 సవరణలో వచ్చినవి. విమానం రద్దయినట్టు బయలుదేరే సమయానికి కనీసం 24 గంటల ముందు చెబితే, మీకు నచ్చిన వేరే విమానమో డబ్బు వాపసో ఇస్తే చాలు, పరిహారం లేదు. 24 గంటల కంటే తక్కువ వ్యవధిలో చెబితే పరిస్థితి మారుతుంది. అప్పుడు సంస్థ మీకు అంగీకారమైన వేరే విమానం ఇవ్వాలి, లేదా పూర్తి టికెట్ డబ్బుతో పాటు పరిహారం ఇవ్వాలి. ఆ ‘లేదా’ ఎక్కడ ఉందో చూడండి. వేరే విమానం ఎక్కినవారికి పరిహారం లేదని సంస్థలు వాదించగలవు. వాపసు తీసుకున్నవారికి లేదని వాదించలేవు. మీకు ఫోనులో చెప్పింది సరిగ్గా తలకిందులు.

మొత్తం ఎంతంటే: గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకు 7,500, అంతకు మించితే 10,000. అయితే ఇది గరిష్ఠం. ఒకవైపు మూల ఛార్జీ, దానికి ఇంధన రుసుము కలిపితే వచ్చేది ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. ప్రయాణ సమయం అంటే గాలిలో ఉన్న సమయం కాదు, గేటు నుంచి గేటు దాకా టైమ్ టేబుల్లో వేసిన సమయం. మీ టికెట్ ముందు పెట్టుకుని ఛార్జీల విభజన రాయండి.

ఉప్పుటేరు

ఒక్కో టికెట్ 5,470. అందులో మూల ఛార్జీ 3,850, ఇంధన రుసుము 400. మిగతాది విమానాశ్రయ రుసుములు, ప్రాంతీయ అనుసంధాన రుసుము, జీఎస్టీ. టైమ్ టేబుల్ ప్రకారం ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు.

పాత నల్లకోటు

అయితే ఒక్కొక్కరికి 4,250, ముగ్గురికి 12,750. వాపసు వచ్చిన 5,470 కాక ఇది అదనం. కారు ఖర్చు ఈ లెక్కలోకి రాదు, దాని దారి వేరు.

ఇంతకీ అసలు చిక్కు కారణం దగ్గర ఉంది. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) ఆంక్షలు, భద్రతా ముప్పు, ప్రకృతి వైపరీత్యం, సమ్మె, ప్రభుత్వ ఆదేశం, ఇలా సంస్థ చేతిలో లేనివి అయితే పరిహారం ఇవ్వనక్కరలేదు. అందుకే ‘నిర్వహణపరమైన కారణాలు’ అనే గోనెసంచిలో అన్నీ కుక్కుతారు. ఆ సంచి విప్పించడమే మీ పని. ‘రద్దుకు నిర్దిష్ట కారణం రాతపూర్వకంగా తెలియజేయండి’ అని ఈమెయిల్ పెట్టండి. ఫోనులో అడగవద్దు. ఫోనులో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

రాడార్ రంగడు | శంషాబాద్

వారు చెప్పేదాకా ఆగడం ఎందుకు? విమానాల రాకపోకలు చూపే వెబ్‌సైట్లలో కొద్ది రోజుల చరిత్ర ఉచితంగానే దొరుకుతుంది. పాతబడితే డబ్బు కట్టమంటాయి కాబట్టి ఈ రోజే చూడండి. ముందు మీ విమానం నంబరు వెతికి, ఆ రోజు ఏ విమానం రావలసి ఉందో, అది అంతకుముందు ఏ ఊళ్లో ఆగిపోయిందో చూడండి. తర్వాత అదే మధ్యాహ్నం విశాఖ నుంచి మిగతా సంస్థల విమానాలు లేచాయో లేదో చూడండి. అన్నీ ఆగిపోతే వాతావరణమో ఏటీసీయో. ఒక్క మీదే ఆగితే ఆకాశాన్ని తప్పుపట్టడం కష్టం. విమానాశ్రయాల వాతావరణ నివేదికలు, మెటార్ అంటారు, అరగంటకో గంటకో ఒకటి వస్తాయి. ఆ గంటకు దృశ్యమానత ఎంతో, మేఘాలు ఎంత ఎత్తులో ఉన్నాయో అందులో ఉంటుంది. తెర చిత్రాలు తీసి దాచుకోండి.

ఉప్పుటేరు

రంగడు గారికి ధన్యవాదాలు. చూశాను. ఆ మధ్యాహ్నం హైదరాబాద్‌కు మిగతా విమానాలు వేళకే వెళ్లాయి. మాకు రావలసిన విమానం మాత్రం పొద్దున్నే వేరే ఊళ్లో దిగి, సాయంత్రం దాకా అక్కడే ఉంది.

రాడార్ రంగడు

సాంకేతిక లోపమో సిబ్బంది కొరతో అయి ఉండాలి. రెండూ సంస్థ సొంత వ్యవహారాలే.

కొబ్బరాకు | అమలాపురం

నాదీ ఒక సందేహం. ఢిల్లీ నుంచి గన్నవరం వచ్చేటప్పుడు మాది రద్దు కాలేదు, ఏడు గంటలు ఆలస్యమైంది. అదీ ఒక్కసారిగా చెప్పలేదు. గంట, మరో గంట, ఇంకో నలభై నిమిషాలు, ఇలా సాగదీశారు. చివరికి ఇచ్చింది ఒక ఉప్మా పొట్లం, మంచినీళ్లు. దీనికి పరిహారం ఉందా?

పాత నల్లకోటు

నగదు పరిహారం లేదండి. మన నిబంధనల్లో ఉన్న పెద్ద కంత అదే. రద్దుకు డబ్బు ఉంది, టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వకపోతే డబ్బు ఉంది, ఆలస్యానికి లేదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యం దాటగానే భోజనం లేదా ఫలహారం పెట్టాలి. ప్రయాణం రెండున్నర నుంచి ఐదు గంటలదైతే మూడు గంటలు, అంతకు మించితే నాలుగు గంటలు ఆగాలి. దేశీయ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమవుతుందంటే ఆరు గంటల లోపు వేరే విమానమో పూర్తి వాపసో మీరు కోరుకోవచ్చు. 24 గంటలు దాటితే హోటల్ గది. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరే విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా గది ఇవ్వాలి. అయితే వాతావరణం లాంటి సంస్థ చేతిలో లేని కారణంతో ఆలస్యమైతే ఈ తిండికి, గదికి కూడా మినహాయింపు ఉంది.

వేపచెట్టు

అందుకే రద్దు చేయరు, సాగదీస్తారు. ఉప్మా పొట్లం 4,250 కంటే చవక కదా.

మ్యూనిక్ మామయ్య | జర్మనీ

యూరప్‌లోనూ చట్టం అక్షరాల ప్రకారం ఆలస్యానికి నగదు లేదు. 261 నంబరు నిబంధన 2004లో చేశారు, 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. విమానయాన సంస్థలు వేపచెట్టు గారు చెప్పిన ఆటే ఆడాయి. 2009లో యూరోపియన్ న్యాయస్థానం గమ్యానికి మూడు గంటలో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా చేరినా రద్దుతో సమానమే అని తేల్చింది. అప్పటి నుంచి దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. టికెట్ ధరతో సంబంధమే లేదు. వేరే విమానం తీసుకున్నా పరిహారం పోదు. మన నిబంధనలో ఆ ‘లేదా’ చూస్తే నాకు కడుపు మండుతుంది.

హైదరాబాద్ వెళ్లేవారు తెలుసుకోవలసింది ఒకటుంది. నేను మ్యూనిక్ నుంచి ఒక గల్ఫ్ సంస్థలో బయలుదేరాను. మ్యూనిక్‌లో ఆలస్యం రెండు గంటలే. కానీ మధ్యలో రెండో విమానం తప్పిపోయి, హైదరాబాద్ చేరేసరికి తొమ్మిది గంటలు ఆలస్యమైంది. ఒకే టికెట్ మీద ఉంటే చివరి గమ్యం దగ్గర లెక్క చూస్తారు. యూరప్ విమానాశ్రయం నుంచి బయలుదేరితే సంస్థ ఏ దేశానిదైనా ఈ చట్టం వర్తిస్తుంది. తిరుగు ప్రయాణంలో, అంటే హైదరాబాద్ నుంచి అదే గల్ఫ్ సంస్థలో వచ్చేటప్పుడు వర్తించదు. అటు నుంచి రావడానికి యూరప్ సంస్థ అయి ఉండాలి. ఒకే సంస్థ, ఒకే టికెట్, పోయేటప్పుడు 600, వచ్చేటప్పుడు సున్నా.

కొబ్బరాకు

600 యూరోలు ఊరికే ఇచ్చారా?

మ్యూనిక్ మామయ్య

ఊరికే ఎవరిస్తారు? మొదట ‘సాంకేతిక లోపం, అసాధారణ పరిస్థితి’ అన్నారు. మామూలు సాంకేతిక లోపం అసాధారణం కాదని 2008లోనే తీర్పు ఉంది. ఆ తీర్పు ఉటంకిస్తూ రెండో ఉత్తరం రాశాను. తర్వాత వోచర్ ఇస్తామన్నారు. ప్రయాణికుడు సంతకం చేసి ఒప్పుకుంటే తప్ప వోచర్ ఇవ్వకూడదని ఆ చట్టంలోనే ఉంది. మూడో ఉత్తరంలో బ్యాంకు ఖాతా నంబరు తప్ప ఏమీ రాయలేదు. డబ్బు వచ్చింది. మధ్యవర్తి కంపెనీలకు ఇస్తే పెద్ద వాటా కోసుకుంటాయి, సొంతంగా రాసుకోవడమే మేలు. ఒకటి మాత్రం నిజం, పక్షి ఢీకొన్నా, మంచు తుపాను వచ్చినా ఇక్కడ కూడా నగదు రాదు, హోటలు, భోజనం మాత్రం ఇచ్చి తీరాలి.

బ్రిటన్‌లోనూ దాదాపు ఇదే చట్టం, పౌండ్లలో 220, 350, 520.

టెక్సాస్ తులసి | డాలస్

అమెరికాలో ఉన్నవారు యూరప్ లెక్కలు చదివి ఆశపడవద్దు. ఇక్కడ ఆలస్యానికి నగదు ఇవ్వాలనే చట్టం లేదు. 2024లో రవాణా శాఖ తెచ్చిన నిబంధన వాపసుకు సంబంధించింది: విమానం రద్దయినా, దేశీయంగా మూడు గంటలు, అంతర్జాతీయంగా ఆరు గంటలు మారినా, మీరు ప్రయాణించకపోతే డబ్బు వెనక్కి రావాలి. క్రెడిట్ కార్డుకు ఏడు పనిదినాలు. కెనడాలో నగదు ఉంది. పెద్ద సంస్థలైతే ఆలస్యాన్ని బట్టి 400, 700, 1,000 కెనడా డాలర్లు, ఏడాది లోపల అడగాలి. టొరంటో నుంచి అమ్మానాన్నలను పంపేవారు గుర్తుంచుకోండి.

జగిత్యాల టికెట్లు | జగిత్యాల

నేను టికెట్లు చేసే మనిషిని. మా దగ్గర గల్ఫ్ టికెట్లే ఎక్కువ. మీరెవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. టికెట్ తీసేటప్పుడు సరైన ఫోను నంబరు ఇవ్వని ప్రయాణికుడికి రద్దు పరిహారం ఇవ్వనక్కరలేదని మన నిబంధనలోనే ఉంది. చాలామంది ఏజెంట్లు ప్రయాణికుడి నంబరు బదులు తమ దుకాణం నంబరు వేస్తారు. రద్దు సందేశం ఏజెంటు ఫోనుకు వస్తుంది, ఆయన భోజనానికి వెళ్లి ఉంటాడు. ఇక్కడ పల్లె నుంచి బయలుదేరిన మనిషి శంషాబాద్ దాకా వెళ్లి బోర్డు చూసి తెలుసుకుంటాడు. పరిహారం అడిగితే ‘మేము 24 గంటల ముందే సందేశం పంపాం’ అంటారు. వారి దగ్గర రుజువు కూడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో తీసినా ఇదే కథ, కొన్ని వెబ్‌సైట్లు తమ ఈమెయిలే ఇస్తాయి. టికెట్ చేతికి రాగానే పీఎన్ఆర్ తీసుకుని సంస్థ వెబ్‌సైట్లో మీ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చండి.

గల్ఫ్‌కు వెళ్లేవారికి మాంట్రియల్ ఒప్పందం అని ఒకటి ఉందంటారు, దాని సంగతి నల్లకోటు గారే చెప్పాలి.

పాత నల్లకోటు

జగిత్యాల వారు చెప్పింది బంగారం.

మాంట్రియల్ ఒప్పందం 1999 నాటిది. మన దేశం 2009లో చేరింది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ అన్నీ అందులో ఉన్నాయి. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించాలని 19వ అధికరణం చెబుతుంది. ఒప్పందంలో గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 6,303 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కల్లో వాడే ప్రమాణం, విలువ డాలరు కంటే కాస్త ఎక్కువ. కానీ అది చేతికిచ్చే మొత్తం కాదు, పైకప్పు మాత్రమే. పోయిన జీతం, కట్టిన హోటలు బిల్లు, మళ్లీ కొన్న టికెట్, ప్రతి దానికీ కాగితం చూపాలి. సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్నామని సంస్థ నిరూపిస్తే తప్పించుకుంటుంది. దావా గడువు రెండేళ్లు. డ్యూటీలో ఆలస్యంగా చేరినందుకు జీతం కోస్తే యజమాని దగ్గర కాగితం రాయించుకోండి, అది లేకపోతే మిగతాదంతా మాటలే.

ఉప్పుటేరు గారికి, ఉత్తరం ఇలా రాయండి: ‘ఫలానా తేదీ, ఫలానా విమానం, పీఎన్ఆర్ ఇది. బయలుదేరే సమయం 14.40. రద్దు సందేశం అందిన సమయం అదే రోజు 10.20. అంటే నాలుగు గంటల ఇరవై నిమిషాల ముందు. ఇచ్చిన ప్రత్యామ్నాయం మాకు అంగీకారం కాలేదు. వాపసుతో పాటు డీజీసీఏ నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపి 4,250 చొప్పున చెల్లించండి. చెల్లించనక్కరలేదని భావిస్తే ఏ మినహాయింపు కిందో, దానికి ఆధారమేమిటో రాయండి.’ ఇంతే. నిశ్చితార్థం, అక్షింతలు ఇందులో వద్దు.

వేపచెట్టు

అక్షింతలు లేకుండా మన బాధ వారికెలా తెలుస్తుంది?

పాత నల్లకోటు

బాధ వినియోగదారుల కమిషన్ ముందు చెప్పుకోవాలి. అక్కడ దానికి విలువ కడతారు.

ఉప్పుటేరు | పది రోజుల తర్వాత

జవాబు వచ్చింది. కారణం ‘సిబ్బంది లభ్యత’ అని రాశారు. దాన్ని ‘అసాధారణ పరిస్థితి’గా పరిగణిస్తారట. సద్భావనగా ఒక్కొక్కరికి 2,000 వోచర్, ఆరు నెలల గడువు.

రాడార్ రంగడు

సిబ్బంది లేకపోవడం అసాధారణమా! 2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? పైలట్ల పనిగంటల కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో కుప్పలు తెప్పలుగా విమానాలు రద్దు చేసింది. అప్పుడు తీవ్రంగా ఇబ్బంది పడినవారికి 10,000 వోచర్లు ప్రకటిస్తూ, 24 గంటల లోపు రద్దయినవారికి నిబంధనల ప్రకారం ఇచ్చే 5,000 నుంచి 10,000 పరిహారానికి ఇది అదనం అని ఆ సంస్థే చెప్పింది. అంత పెద్ద గందరగోళంలోనే పరిహారం తప్పనప్పుడు, ఒక్క విమానానికి సిబ్బంది చాలకపోవడం ఏ లెక్క?

పాత నల్లకోటు

వోచర్ వద్దని రాతలో చెప్పండి. నొక్కితే ఒప్పుకున్నట్టే అవుతుంది, ఆ లింకు తెరవవద్దు. ఇప్పుడు సంస్థ అంతర్గత ఫిర్యాదుల అధికారికి ఒకటి, పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో ఒకటి పెట్టండి. ఎయిర్‌సేవ తీర్పు ఇవ్వదు. కానీ అక్కడ నమోదైన ఫిర్యాదుకు సంస్థ జవాబు చెప్పాలి. ఆ జవాబు సాధారణంగా కాల్ సెంటర్ దాటిన మనిషి రాస్తాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే విశాఖలోనే వేయవచ్చు, సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా సరే. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ మాట రాస్తుంటే మా వాళ్లు నన్ను తిడతారు. రెండేళ్ల లోపు, ఈ-జాగృతి వెబ్‌సైట్లో ఇంటి నుంచే వేయవచ్చు. మీ కారు ఖర్చు అడగవలసింది అక్కడ. 2021లో సుప్రీంకోర్టు ముందుకు ఒక రైలు కేసు వచ్చింది. రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి జమ్మూలో శ్రీనగర్ విమానం తప్పిపోయింది. వారు టాక్సీలో వెళ్లారు. ఆలస్యానికి కారణం రుజువు చేయవలసింది రైల్వేనే అని చెప్పి, టాక్సీ ఖర్చు 15,000తో సహా ఇప్పించిన ఆదేశాన్ని కోర్టు నిలబెట్టింది. మీ కారు బిల్లు ఉంది కదా?

ఉప్పుటేరు

డ్రైవరు చిన్న కాగితం మీద రాసిచ్చాడు. ఫోనులో చెల్లించిన రుజువు ఉంది. టోల్ చీటీలు కూడా కారులోనే ఉండిపోయాయి, అడిగి తెప్పిస్తాను.

వేపచెట్టు

రెండేళ్లు తిరిగి 12,750 తెచ్చుకోవడం కంటే...

జగిత్యాల టికెట్లు

వేపచెట్టు గారు, మీరు ప్రతిసారీ ఇదే అంటారు. అడగనివారి డబ్బంతా ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించండి.

ఉప్పుటేరు | నెల తర్వాత

ఎయిర్‌సేవలో పెట్టాక సంస్థ నుంచి ఒక అధికారి ఫోను చేశారు. రాతలో పంపమన్నాను. పంపారు. నాకు, మా ఆవిడకు కలిపి 8,500 నిన్న ఖాతాలో పడింది. అమ్మ టికెట్‌కు మాత్రం నిరాకరించారు. అది నా కార్డు పాయింట్లతో వేరే వెబ్‌సైట్లో తీశాను, అందులో ఆ వెబ్‌సైట్ ఈమెయిల్ ఉందట. ‘ప్రయాణికురాలు సంప్రదింపు వివరాలు ఇవ్వలేదు’ అంటున్నారు.

పాత నల్లకోటు

8,500 అందినట్టు రాసేటప్పుడు ‘ఇద్దరి పరిహారం వరకే, మిగతా హక్కులకు భంగం లేకుండా’ అని రాయండి. లేకపోతే అంతా తీరిపోయిందంటారు.

జగిత్యాల టికెట్లు

అమ్మగారి టికెట్ విషయంలో వారి వాదన నిలబడదు. వివరాలు లేకపోతే పరిహారం లేదన్న మినహాయింపు ఎందుకు? వారు వేళకు చెప్పాలని చూసినా మనిషి దొరకలేదన్నప్పుడు. ఇక్కడ విమానం రద్దు చేసిందే ఆ రోజు ఉదయం. ఆ వెబ్‌సైట్ ఈమెయిల్‌కైనా 24 గంటల ముందు పంపారా? సందేశం పంపిన తేదీ, సమయం అడగండి. వెబ్‌సైట్ వారిని కూడా అడగండి, వారి దగ్గర నమోదై ఉంటుంది. మా దుకాణంలో ఇలాంటివి రెండు ఆ ఒక్క ప్రశ్నతో తేలాయి.

ఉప్పుటేరు

ఇద్దరికీ ఇప్పుడే రాశాను. వెబ్‌సైట్ వారు వెంటనే జవాబిచ్చారు: వారికి సందేశం అందింది అదే రోజు 10.22కి. దాన్ని జతచేసి సంస్థకు పంపాను. ఈ నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత కారు ఖర్చుతో కలిపి కమిషన్‌లో వేస్తాను. నల్లకోటు గారు, టోల్ చీటీలు దొరికాయి. ఒకటి తడిసి అక్షరాలు చెరిగాయి, పనికొస్తుందా?

పాత నల్లకోటు

ఫాస్టాగ్ ఖాతాలో అదే చెల్లింపు వివరాలు ఉంటాయి. డ్రైవరును అడిగి తెప్పించుకోండి.